హారోలో గింజ కట్టిన గోంగూర

మా ఆయన పేరు వెంకటసుబ్బారావు. లండన్ పక్కన మేముండే హారోలో ఆ పేరు చెప్పి అడిగితే ఎవరూ ఇల్లు చూపించలేరు. గోంగూర అంకుల్ అంటే మాత్రం తెలుగువాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. ఆకు కావలసినప్పుడల్లా గుర్తొస్తారు కాబట్టి తెలుసు. ఆయన నోరు విప్పి గోంగూర గురించి చెప్పడం మొదలుపెడితే అందరికీ ఫోన్లు వస్తాయి, స్టవ్ మీద పాలు గుర్తొస్తాయి. వాళ్ళని మరీ తప్పుపట్టలేను. మూర్తీభవించిన వ్యవసాయ శాఖ ఆయన. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఉపన్యాసాలు వింటున్నదాన్ని నేను, నాకూ విసుగొచ్చేది.

నేను నర్సుని. ఇక్కడి హాస్పిటల్స్‌లో మనవాళ్ళని తీసుకుంటున్న రోజుల్లో వచ్చాను. ఆయన నా వీసా మీద వచ్చారు. ఆ మాట నలుగురిలో అంటే ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు. బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, గుంటూరులో ఒక విత్తనాల కంపెనీకి ఊరూరా తిరిగిన మనిషి. ఏ ఏటికాయేడు కొత్త ప్యాకెట్టు కొనండి, పాత గింజ మొలవదు అని రైతులకి చెప్పడమే ఉద్యోగం. వానలు పడాల్సినప్పుడు పడక, కోతల మీద పడి, మిరప కల్లాల్లో కుళ్ళిపోతుంటే అందరూ ఈయన చొక్కా పట్టుకునేవాళ్ళు. "మబ్బులకి నేను సూపర్‌వైజర్నా?" అని ఇంటికొచ్చి నా మీద అరిచేవారు. ఇక్కడికొచ్చి బస్సు తోలారు. బస్సెక్కినవాళ్ళు ఎవరూ వాన గురించి ఈయన్ని నిలదీయరని మొదట్లో తెగ సంబరపడ్డారు.

తర్వాత అలాట్‌మెంట్ వచ్చింది. కౌన్సిల్ వాళ్ళు చిన్న చిన్న మడులుగా అద్దెకిచ్చే స్థలం అది. అప్లై చేసి మరిచిపోయాక ఎప్పటికో వచ్చింది. చుట్టూ ఇంగ్లీషువాళ్ళు బంగాళాదుంపలూ ఉల్లిపాయలూ వేసుకుంటుంటే, ఈయన గారు నడుం బిగించి గోంగూర వేశారు. అదీ ఎప్పుడనుకున్నారు, మృగశిర కార్తె చూసుకుని. మనూళ్ళో తొలకరికి వేసినట్టు ఇంగ్లండులో పంచాంగం పెట్టుకుని వేశారు. అది మోకాలెత్తు పెరిగేసరికి చలొచ్చి మాడిపోయింది. "కార్తెలకి వీసా లేదండీ" అని నేనంటే రెండు రోజులు మాట్లాడలేదు.

గోంగూరకి ఒక గుణం ఉంది. పగలు తగ్గితే గానీ పూయదు. మన దగ్గర పగలు తగ్గాక కూడా ఎండ ఉంటుంది కాబట్టి తాపీగా పూసి, కాయ కట్టి, గింజ ఎండుతుంది. ఇక్కడ పగలు తగ్గేసరికి మంచు పడుతుంది. పువ్వు విచ్చేలోపే మొక్క చస్తుంది. అందుకే ఈ దేశంలో ఎవరు గోంగూర వేసినా ఏటేటా ఇండియా నుంచి సూట్‌కేసులో గింజలు తెచ్చుకోవాల్సిందే. ఈయనకి అది నచ్చలేదు. జన్మంతా జనానికి ప్యాకెట్లు అంటగట్టి వచ్చాను, ఇక్కడైనా నా గింజ నేను దాచుకోకపోతే ఎట్లా అనేవారు. 

ఒక ఏడు ఒకే ఒక్క మొక్క జులై చివర్లో పూసింది. ఎందుకు పూసిందో ఆయనకీ తెలియదు. ఆకు ఒక్కటి కూడా తుంచనివ్వకుండా దానికి ప్లాస్టిక్ గుడారం వేసి, పగలంతా అక్కడే కాపలా కూర్చుని కాయ ఎండబెట్టారు. పిడికిట్లో పట్టేన్ని గింజలు కూడా రాలేదు. అవి వేసి, వాటిల్లో తొందరగా పూసినవి ఉంచి, మిగతావి కూరకిచ్చి, మళ్ళీ వాటి గింజ వేసి, ఇట్లా ఏళ్ళూ పూళ్ళూ గడిచాయి. మా అమ్మాయి లాస్య ప్రైమరీ స్కూల్లో ఉండగా మొదలెట్టిన పని, అది యూనివర్సిటీకి వెళ్ళేసరికి ఒక దారికొచ్చింది. ఆగస్టు మొదట్లో పూత, సెప్టెంబరు దాటేసరికి గింజ. ఎర్ర కాడ, కోస్తే చేతులకంటుకునే పులుపు. హారోలో పుట్టి హారోలో గింజ కట్టిన గోంగూర. చెప్పుకుంటే ఏమో గానీ నాకూ గర్వంగానే ఉండేది. ఆయనతో మాత్రం అనేదాన్ని కాదు, అంటే ఇంకో గంట మాట్లాడతారని.

కార్తెలు కూడా ఆయనే కొత్తవి కట్టుకున్నారు. అడవిలో నీలం పువ్వులు పరుచుకునే రోజుల్ని బ్లూబెల్ కార్తె అన్నారు, అప్పుడు ఇంట్లో కిటికీ దగ్గర గింజ నానేయాలి. టెన్నిస్ ఆటలు మొదలయ్యేది వింబుల్డన్ కార్తె, అప్పుడు మొక్క తలలు తుంచాలి. పార్కులో పిల్లలు చెస్ట్‌నట్ కాయలు ఏరుకునేది కాంకర్ కార్తె, అప్పుడు కాయ కోయాలి. మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ టీ కన్నా ముందు ఈ కార్తెలు వడ్డించేవారు.

నాలుగేళ్ళు ఆ లెక్క బాగానే సాగింది. తర్వాత అదీ గాడి తప్పింది. ఇంగ్లండులో నలభై డిగ్రీలు కాసిన జులై గుర్తుందిగా, ఆ ఏడు ప్లాస్టిక్ గుడారంలో అప్పుడప్పుడే వేసిన మొగ్గలన్నీ ఒక్క మధ్యాహ్నంలో మాడి రాలిపోయాయి. నీళ్ళ పైపు వాడొద్దని సైట్ కమిటీ నోటీసు పెట్టింది. ఈ పెద్దమనిషి నొప్పి మోకాళ్ళతో బకెట్లు మోశారు. మరుసటేడు కాయ కట్టే రోజుల్లో ముసురు పట్టి కాయలకి బూజొచ్చింది. బ్లూబెల్స్ ముందే పూసేస్తాయి, వాటిని నమ్మి గింజ నానేస్తే వెనకాలే మంచు పడుతుంది. ఒకరోజు ఆయన మడి గట్టు మీద కూర్చుని, "అక్కడ కార్తెలు తప్పాయని ఇక్కడికొచ్చాను. ఇక్కడ నేను కట్టుకున్నవి కూడా తప్పాయి దుర్గా" అన్నారు. నా పేరు కనకదుర్గ. ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చాను.

ఊరికే ఏడుస్తూ కూర్చునే రకం కాదు. షెడ్డు కప్పు నుంచి వాన నీళ్ళు పట్టడానికి పీపాలు పెట్టారు. వేళ్ళ చుట్టూ ఎండుగడ్డి మందంగా పరిచారు, తడి ఆరకుండా. గుడారానికి తెల్ల వలగుడ్డ కప్పారు. ఎండకీ ముసురుకీ కూడా తట్టుకుని గింజ కట్టిన మొక్కల్నే ఏరి ఉంచడం మొదలుపెట్టారు. "ఎండ పెరిగితే ఎండకి ఆగేది, వాన పెరిగితే వానకి ఆగేది, మొక్కే నేర్చుకోవాలి. మనం దానికి టైమివ్వాలి, విత్తనం దాచాలి. ఇంకో మందు లేదు దీనికి" అనేవారు. ఈ మాట మాత్రం నేను వింటూ నిద్రపోలేదు.

ఆ రోజుల్లోనే కావ్యశ్రీ వచ్చింది. వరంగల్ పిల్ల, షెఫీల్డ్‌లో మొక్కల మీద రీసెర్చ్ చేస్తోంది. ఎవరి ఫేస్‌బుక్‌లోనో మా గోంగూర పూత ఫొటో చూసి నమ్మక, రైలెక్కి వచ్చింది. మడంతా తిరిగి, ఆయన చెప్పిందంతా కింద కూర్చుని విన్నది. మా ఇంట్లో అదొక వింత. ఆయన ఆగితే "ఇంకా చెప్పుండ్రి సార్" అనేది. ఇక్కడి రైతులకి పాలకూర వేసవిలో నిలవట్లేదట, ఎండ కాస్త ముదిరితే ఆకు రాకుండా కాడెక్కి పూసేస్తోందట. ఎండకి నిలిచే ఆకుకూర ఏదైనా ఉంటే పొలాల్లో వేయించి చూడాలని వాళ్ళ ప్రొఫెసర్ వెతుకుతున్నాడట. "ఈ దేశంల గింజ కట్టకుంటె లాభం లేదు సార్. మీది కడ్తున్నది. నాకు కొన్ని గింజలియ్యిండ్రి, మూడు చోట్ల వేసి చూస్తం. కొన్ని సీడ్ బ్యాంకుల దాస్తం, ఎన్నటికీ పోవు" అన్నది.

ఎన్నటికీ పోవు అన్న మాటకి ఆయన కళ్ళు చెమర్చాయి. కానీ ఆ ఏడు ఇవ్వడానికి గింజ లేదు, బూజుపోగా మిగిలినవి వచ్చే ఏడు వేయడానికే చాలీచాలకుండా ఉన్నాయి. వచ్చే అక్టోబరులో రామ్మా, సీసా నింపి పెడతాను అన్నారు.

వచ్చే ఏడు అంటే రెండు వేల ఇరవై నాలుగు. చలికాలమంతా కురిసి, వసంతమంతా కురిసింది. నేల ఎక్కడ తొక్కినా నీళ్ళు ఊరేవి. నాటిన మొక్కల్ని స్లగ్స్, అదే గుల్లలేని నత్తలు, వరసపెట్టి తినేశాయి. మళ్ళీ నాటితే మళ్ళీ తిన్నాయి. ఈయన పొద్దున్నే టార్చిలైటు వేసుకుని, వాటిని ఏరి డబ్బాలో వేసుకుంటుంటే పక్క మడి ముసలాయన "బ్యాడ్ ఇయర్, రావ్" అని తల ఊపేవాడు. చివరికి హార్లిక్స్ సీసా అడుగున ఆపద్ధర్మంగా దాచినవి కూడా వేసేశారు. వద్దండీ, కొన్ని ఉంచండి అన్నాను. పాతబడుతున్నాయి, ఇప్పుడు వేయకపోతే మొలవవు అన్నారు. అదీ నిజమే. అన్నీ పోగా గింజకి పనికొచ్చేవి నాలుగు మొక్కలు నిలబడ్డాయి. పక్కన ఆలస్యంగా వేసినవి కొన్ని ఉన్నాయి గానీ అవి ఊళ్ళోవాళ్ళు తెచ్చిన మామూలు గింజ, ఆకు కోసం వేసినవి.

ఆ నాలుగింటికీ నా పాత చీర అంచు చించి, ఎర్ర పీలికలు కట్టారు. ఆ పీలికలున్నవాటి జోలికి నన్ను కూడా వెళ్ళనివ్వలేదు. ఆగస్టులో పూశాయి. సెప్టెంబరు మధ్యకి నిండా పచ్చి కాయలు. ఇంకొన్నాళ్ళు ఎండ కాస్తే చాలు. రోజూ కావ్యశ్రీకి ఫొటో పంపేవారు.

ఇంతలో క్రాంతి ఫోన్ చేశాడు. క్రాంతి మా తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంట్, సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం. మంచివాడే, కాకపోతే ప్రతిదానికీ ఒక ఈవెంట్ చేస్తాడు. "అంకుల్, క్లైమేట్ ఛేంజ్ మీద, రైతుల మీద, సొల్యూషన్స్ మీద కమ్యూనిటీ హాల్లో సండే ప్రోగ్రాం పెడుతున్నాం. మీకు ఫైవ్ మినిట్స్ స్లాట్ ఇచ్చాను. ఫైవ్ అంటే ఫైవే అంకుల్, ప్లీజ్. లంచ్‌లో మీ గోంగూర పచ్చడి పెడదాం. లోకల్ ఫుడ్, కాన్సెప్ట్‌కి సూపర్‌గా సెట్ అవుతుంది" అన్నాడు.

మా ఆయనకి కాదు అనే మాట పుట్టుకతో రాలేదు. పైగా స్టేజి ఎక్కిస్తామంటే పొంగిపోయారు. ఆ వారాంతం మేము కార్డిఫ్‌లో లాస్య కొత్త ఫ్లాట్‌కి వెళ్ళాలి. ఆకు కోయడానికి క్రాంతి భార్య హైమ వస్తానంది. గేటు కోడ్ చెప్పడానికి ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ఈయన నలభై నిమిషాలు మాట్లాడారు. పీలికలు కట్టినవి విత్తనం మొక్కలనీ, వాటిని ముట్టుకోవద్దనీ, మిగతావాటికి లేత ఆకు గిల్లుకోవాలనీ అన్నీ చెప్పారు. నేను పక్కనే ఉన్నాను, విన్నాను. పగలు తగ్గడం, పూత, షెఫీల్డ్, పాలకూర, అన్నిటి మధ్యలో చెప్పారు. అటువైపు కుక్కర్ విజిల్స్ వినిపిస్తున్నాయి. "ఓకే అంకుల్, ఓకే అంకుల్" అంటోంది హైమ. లాస్యకి ఈ సంగతి చెబితే "డాడ్, జస్ట్ టెక్స్ట్ హర్ ఎ ఫొటో" అంది. ఈయనకి అంత చెప్పాక మళ్ళీ ఫొటో ఎందుకనిపించింది.

ఆదివారం పొద్దున్న కార్డిఫ్ నుంచి తిన్నగా అలాట్‌మెంట్‌కే వెళ్ళాం. స్టేజి మీద చూపించడానికి కాయలున్న కొమ్మ ఒకటి కోసుకుందామన్నారు. ప్రోగ్రాం కోసం అప్పటికే కోటు వేసుకుని, టై కూడా కట్టుకున్నారు. గేటు తీసి నాకన్నా ముందు నడిచారు. నేను వెనక నుంచి చూస్తున్నాను, మడి దగ్గర ఆగిపోయారు.

నాలుగు మొక్కలూ లేవు. వాటి చోట నాలుగు గుంటలున్నాయి. ఎర్ర పీలికలు విప్పి, పద్ధతిగా మడతపెట్టి షెడ్డు గుమ్మం మీద ఉంచారు. పక్కన మామూలు గోంగూర తలవంచని పెళ్ళికూతుర్లాగా అలాగే నిలబడి ఉంది, దాంట్లో ఒక్క ఆకు గిల్లలేదు. ఆయన వంగి ఒక గుంటలో వేలు పెట్టి చూశారు.

ఇంటికి పోదామండీ అన్నాను. "కాడలు ఉంటాయి. కాడ గుచ్చినా వేరు పోస్తుంది. పద" అని కారు వైపు గబగబా నడిచారు.

హాలు వెనక వంటగదిలో హైమ, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు నెత్తికి క్యాపులు పెట్టుకుని పని చేస్తున్నారు. పెద్ద గిన్నె నిండా పచ్చడి, ఎర్ర మిరపకాయల పోపు వాసన. మమ్మల్ని చూసి హైమ ముఖం వెలిగిపోయింది. "అంకుల్, మీరెంత స్వీట్. మాకోసం మంచి మొక్కలు చూసి రిబ్బన్లు కట్టి ఉంచారు. మా నరసరావుపేటలో కట్టలు ఎట్లా వస్తాయో అట్లా వేళ్ళతో సహా పీక్కొచ్చాం, సండే దాకా వాడిపోకుండా. ఆ కాయలు కూడా భలే పుల్లగా ఉన్నాయి, అవి కూడా కలిపి రుబ్బేశాం" అంది.

ఆ పిల్ల మొహంలో కల్మషం లేదు. అదే నాకు ఇంకా ఒళ్ళు మండించింది. కాస్త దుర్మార్గం ఉన్నా తిట్టడానికి వీలుండేది.

"కాడలేవమ్మా?" అని అడిగారు ఆయన.

"బిన్‌లో వేశాం అంకుల్, వెనకాల."

వెనకాల కౌన్సిల్ వాళ్ళ పెద్ద చక్రాల బిన్ ఉంది. ఆయన దాని మూత ఎత్తి, కోటు చేతులు పైకి లాక్కుని, లోపలికి వంగారు. ఉల్లిపాయ పొట్టు, టీ బ్యాగులు, ఎవరో పారబోసిన సాంబారు. ఒక్కొక్క కాడా తీసి, తుడిచి, నా చేతికిస్తున్నారు. చాలావరకు విరిచేసి ఉన్నాయి, కొన్నిటిని చాకుతో చీల్చారు. వేళ్ళు విడిగా కోసేసి, వాటి మీద వేడి గంజి పోశారు. వంగి ఉన్న ఆయన వీపు చూస్తే నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే కాడలు పట్టుకున్నాను.

గోడ అవతల మైకులో క్రాంతి గొంతు. ధ్రువాల్లో మంచు కరగడం అయిపోయి, అనంతపురం కరువు అయిపోయి, సొల్యూషన్స్ దగ్గరికి వచ్చాడు. స్థానిక విత్తనాలని కాపాడుకోవడం మన అందరి బాధ్యత అంటున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. తర్వాత "ఇప్పుడు మన గోంగూర అంకుల్, వేర్ ఆర్ యూ అంకుల్?" అని పిలిచాడు. రెండుసార్లు పిలిచాక తనే వెతుక్కుంటూ వెనక్కి వచ్చాడు. బిన్ లోంచి లేచిన ఆయన్ని చూసి, "అంకుల్, మీ స్లాట్..." అన్నాడు.

వెళ్ళొద్దండీ అని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుని వెళ్ళారు. టై మీద సాంబారు మరక ఉంది. స్టేజి ఎక్కి మైకు పట్టుకున్నారు. ముందు వరసలో ఇద్దరు అప్పుడే ఫోన్లు తీశారు, ఈయన మొదలెడితే ఆపరని.

"విత్తనం గురించి చెప్పమన్నారు. విత్తనం అయిపోయింది. భోజనాలకి లేవండి" అని మైకు ఇచ్చేసి దిగిపోయారు.

ఆయన ఏ మీటింగులో మాట్లాడినా అంత గట్టిగా చప్పట్లు పడలేదు. ఇంత త్వరగా ముగించినందుకు అందరికీ ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అందరూ లేచి ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడ్డారు. అరగంటలో పచ్చడి గిన్నె ఖాళీ అయింది. అంత పులుపు ఎక్కడా తినలేదని ఒకావిడ నాతో అంది.

నేను ఆయనలా ఊరుకోలేదు. హైమని పక్కకి పిలిచి చెప్పాను. నువ్వు పీకినవి ఇన్నేళ్ళ కష్టం, ఇక ఆ విత్తనం ఈ భూమి మీద ఎక్కడా లేదు, మా ఆయన నలభై నిమిషాలు చెబితే నువ్వు వినలేదు అని. గొంతు తగ్గించి చెబుదామనుకున్నా గానీ తగ్గలేదు. ఆ అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. నా రెండు చేతులూ పట్టుకుని, "సారీ ఆంటీ, నిజంగా తెలీదు ఆంటీ. మా అమ్మ మార్చిలో వస్తోంది. కేజీ గింజలు తెప్పిస్తాను ఆంటీ" అంది.

కేజీ. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఆమె నేను క్షమించానని అనుకుంది, కళ్ళు తుడుచుకుంది.

కాడల్ని కిటికీ దగ్గర గ్లాసుల్లో పెట్టారు, కొన్నిటిని ఇసకలో గుచ్చారు. రోజూ నీళ్ళు మార్చారు. ఒకదానికి తెల్లటి వేళ్ళు రెండు పోశాయి. ఆ రోజు కావ్యశ్రీకి ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడారు, ఆమె గ్లాస్‌హౌస్‌లో పెడతానంది, శనివారం వస్తానంది. గురువారానికి అది కూడా మొదలు నల్లబడి మెత్తగా అయిపోయింది. ఆ పిల్లకి రావద్దని నేనే ఫోన్ చేశాను.

"ఆంటీ, ఇన్ని సంవత్సరాలల్ల సార్ ఎవ్వరికన్న గింజలిచ్చిండ్రా? ఎవరింట్ల ఒక పొట్లమున్నా చాలు" అని అడిగింది.

ఇవ్వకేం, ఏ గృహప్రవేశానికి వెళ్ళినా ఒక పొట్లం ఇచ్చేవారు. నేను సిగ్గు విడిచి అందరికీ ఫోన్లు చేశాను. ఒకరు ఇల్లు మారినప్పుడు పారేశామన్నారు. ఒకరికి ఇచ్చినట్టే గుర్తులేదు. ఒకావిడ అవి అవిసె గింజలనుకుని పొడిలో వేయించేసిందట, చేదుగా ఉందని ఆ పొడి కూడా పారేసిందట. ప్రతి ఫోన్లోనూ చివర్లో ఒకటే మాట, "అయితే ఆంటీ, వచ్చే సమ్మర్‌లో ఆకు ఉండదా?"

ఏళ్ళ తరబడి హారో అంతా ఆయన్ని ఆకు అడిగింది. గింజ అడిగింది షెఫీల్డ్ పిల్ల ఒక్కతే. మూడు చోట్ల వేసి చూస్తామన్న ఆ ట్రయల్స్ వేరే ఏదో ఆకుకూరతో మొదలుపెట్టారని తర్వాత చెప్పింది. ఆయనకి చెప్పడానికి నాలుగు రోజులు తటపటాయించాను. చెబితే "మంచిదే" అన్నారు.

మార్చిలో హైమ వాళ్ళమ్మ నిజంగానే కేజీ గింజలు తెచ్చింది. మెరిసే ప్యాకెట్టు, పైన రంగుల బొమ్మ. ఆయన తీసుకుని, మేలో చల్లారు. బ్లూబెల్స్ ఎప్పుడు పూశాయో చూడలేదు. ఆ ఏడు వానే లేదు, ఎండ మన దగ్గర కాసినట్టు కాసింది. గోంగూర నిలువెత్తు పెరిగింది. మనిషి దూరితే కనబడనంత ఏపుగా వచ్చింది. ఆయన మొక్కలే ఉండి ఉంటే ఆ ఎండకి ఎన్ని గింజలు కట్టేవో అని లెక్కవేసుకునేదాన్ని. ఇవి సెప్టెంబరు వెళ్ళినా ఒక్క మొగ్గ వేయలేదు. 

అక్టోబరులో చలిగాలి తిరిగాక ఒక శనివారం హైమ వచ్చింది, ఇంకో ఇద్దర్ని వెంటేసుకుని. మడి చూసి మురిసిపోయింది. ఆయన అప్పుడే పీపాలు కడుగుతున్నారు.

"చూశారా అంకుల్, అప్పుడు అంత ఫీలయ్యారు. పాతదానికన్నా ఇదే బాగొచ్చింది. ఎంత ఆకో" అంది. ఆయన జవాబు చెప్పబోతున్నారనుకుని వెనకున్న అమ్మాయి ఫోన్ బయటికి తీసింది. హైమ మాత్రం ఈసారి బుద్ధిగా, "లేత ఆకే గిల్లుకుంటాం అంకుల్, మొక్కల్ని కదిలించం" అని కత్తెర చూపించింది.

ఆయన చేతులు తుడుచుకున్నారు.

"ఫరవాలేదమ్మా, వేళ్ళతో సహా పీక్కోండి. వీటికి గింజ రాదు" అన్నారు.

థాంక్యూ అంకుల్ అని, వాళ్ళు పీకడం మొదలుపెట్టారు. మట్టి దులిపి కట్టలు కట్టడానికి తాడు కావాలంటే షెడ్డులోంచి తెచ్చి ఇచ్చారు. కారు డిక్కీ నిండింది. ఆయన గేటు దాకా వెళ్ళి, వాళ్ళు తిరగడానికి చోటు చాలక ఇబ్బంది పడుతుంటే, ఒకప్పుడు బస్సు తోలిన మనిషి కదా, చేత్తో సైగ చేస్తూ కారు రివర్స్ చేయించి పంపారు.